స్పానిష్ క్రియల్లో సిలబుల్ ఎక్కడ విడిపోతుంది, నొక్కు ఎక్కడ పడుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

స్పానిష్ మొదలుపెట్టినప్పుడు అందరిలాగే నేనూ క్రియల పట్టికలు బట్టీ పట్టాను. చూడకుండా రాయమంటే తప్పు లేకుండా రాసేదాన్ని. ఒకసారి మెక్సికోలో ఉన్న సహోద్యోగి ఫోన్ చేసి, ఇంకో టీమ్ మీటింగ్ అయిపోయిందా అని అడిగారు. "యా తెర్-మీ-నొ" అన్నాను. అయిపోయిందని చెప్పాననే నా నమ్మకం. ఆయనకు వినపడింది మాత్రం "ఇదిగో, ముగిస్తున్నాను" అని. పాపం, నేను ముగించేదాకా ఆగుదామని లైన్‌లోనే ఉండిపోయారు. నేను అనాల్సింది "యా తెర్-మి-నో". అవే హల్లులు, అవే అచ్చులు. గొంతు బరువు మోపే చోటు ఒక్కటే వేరు, దాంతో చేసినవాళ్ళూ మారిపోయారు, కాలమూ మారిపోయింది.

ఆ తర్వాత నేర్చుకునేవాళ్ళతో మాట్లాడుతుంటే ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. హైదరాబాద్‌లో ఆఫీసు పని కోసం నేర్చుకునేవాళ్ళూ అడిగారు, అమెరికాలో పిల్లల స్కూల్ స్పానిష్ హోంవర్క్ దగ్గర కూర్చునే అమ్మానాన్నలూ అడిగారు. వాటిని ఒకచోట చేర్చాను.

ఈ పేజీలో స్పానిష్ మాటల్ని ఎలా చదవాలి?

సిలబుల్ అంటే నోరు ఒక్క ఊపులో పలికే ముక్క. సిలబుల్‌కీ సిలబుల్‌కీ మధ్య అడ్డగీత పెట్టాను. నొక్కి పలకాల్సిన సిలబుల్‌ను దీర్ఘంతో, మిగతావాటిని హ్రస్వంతో రాశాను. ఆ-బ్లొ అంటే "మాట్లాడతాను", అ-బ్లో అంటే "అతను మాట్లాడాడు". ఎ, ఒ లకు హ్రస్వం, దీర్ఘం రెండూ ఉండటం మన లిపికి కలిసొచ్చింది. మామూలు హిందీ రాతలో ఈ వీలు లేదు.

స్పానిష్‌లో నిజానికి హ్రస్వ దీర్ఘాల తేడా లేదు. నొక్కిన అచ్చు కాస్త బలంగా, కాస్త పొడవుగా వినపడుతుంది, అంతే. మరీ సాగదీస్తే పాట పాడినట్టు ఉంటుంది. "గీత" అన్నచోటల్లా స్పానిష్ రాతలో అచ్చు మీద పెట్టే చిన్న వాలుగీత అని అర్థం. దాన్ని వాళ్ళు తీల్దె అంటారు.

నొక్కు అంటే ఏమిటి? తెలుగులో లేదా?

ఇంగ్లీషులో స్ట్రెస్ అనేదే. తెలుగులోనూ గొంతు ఒక్కోచోట బలంగా పడుతుంది కానీ దానివల్ల మాట అర్థం మారదు. మనకు అర్థాన్ని మార్చేది నిడివి: పడు వేరు, పాడు వేరు. స్పానిష్‌వాళ్ళకు నిడివి లెక్కలోకి రాదు, నొక్కు ఉన్న చోటే లెక్క. కాబట్టి వాళ్ళ నొక్కును మన చెవి దీర్ఘంగా పట్టుకుంటుంది. ఇది మనకు అడ్డంకి కాదు, మంచి ఆసరా. "పూ-బ్లి-కొ" అంటే ప్రజలకు సంబంధించినది, "పు-బ్లీ-కొ" అంటే ప్రచురిస్తాను, "పు-బ్లి-కో" అంటే ప్రచురించాడు. ఈ మూడింటినీ పైకి ఒకసారి చదివి చూడండి. మనకు ఏ ఇబ్బందీ ఉండదు.

మనకు చిక్కంతా ఇంగ్లీషు అలవాటుతో వస్తుంది. ఇంగ్లీషులో నొక్కు లేని అచ్చు సగం మింగేస్తాం. స్పానిష్‌లో నొక్కు లేని అచ్చు కూడా నిండుగా పలకాలి. ఈ విషయంలో తెలుగు నోరే నయం.

సిలబుల్స్ ఎలా విడగొట్టాలి?

రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే అది వెనకాల వచ్చే అచ్చుతో వెళ్తుంది: కొ-మే-మొస్. రెండు హల్లులుంటే చెరోవైపు పోతాయి: పెన్-సార్, కన్-తార్. కానీ ప, బ, ఫ, క, గ ల తర్వాత ర గానీ ల గానీ వచ్చినా, త, ద ల తర్వాత ర వచ్చినా ఆ జంట విడిపోదు: అ-బ్లార్, కొమ్-ప్రార్, ఎన్-త్రార్. మూడు, నాలుగు హల్లులు గుంపుగా వస్తే ఇలాంటి జంటను తర్వాతి సిలబుల్‌కి పంపి, మిగిలినవాటిని ముందు సిలబుల్‌కి ఇచ్చేయాలి: "కట్టడం" అనే క్రియ కొన్స్-త్ర్వీర్.

త తర్వాత ల వస్తే మాత్రం దేశాన్ని బట్టి ఉంటుంది. మెక్సికోలో ఆ జంటను కలిపే పలుకుతారు, స్పెయిన్‌లో చాలాచోట్ల విడగొడతారు. క్రియల్లో ఇది అరుదు కాబట్టి దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

తెలుగులో రాసుకుంటే విడగొట్టడం తప్పుతోంది. ఎందుకు?

మన లిపి హల్లుల గుంపునంతా తర్వాతి అచ్చుకే తగిలిస్తుంది. "పెన్సార్" అని రాస్తే కంటికి పె తర్వాత న్సా కనిపిస్తుంది. నోరు పలికేది పెన్, సార్. స్కూల్లో గణాలు కట్టినవాళ్ళకు ఇది ఇట్టే తెలుస్తుంది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అని నేర్చుకున్నాం కదా. "పద్యం"లో ప గురువు అవుతుంది, ఎందుకంటే గొంతు పలికేది పద్-యం. రాతను కాకుండా గొంతును కొలవడం మన ఛందస్సుకు ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఇక్కడా ఆ చెవినే వాడండి.

ఇంకొకటి. హల్లుతో ముగిసే మాటకు చివర ఉకారం చేర్చడం మనకు అలవాటు: బస్సు, కారు. అదే అలవాటులో "ఆ-బ్లన్" (మాట్లాడతారు) కాస్తా "ఆబ్లను" అయితే ఒక సిలబుల్ ఎక్కువైపోతుంది, నొక్కు లెక్కంతా తప్పుతుంది. చివరి న్, స్, ర్ లను పొల్లుగానే ఆపండి.

నొక్కు ఎక్కడ పడుతుందో చెప్పే నియమం ఏమిటి?

మాట అచ్చుతో గానీ, న్ తో గానీ, స్ తో గానీ ముగిస్తే చివరినుంచి రెండో సిలబుల్ మీద. వేరే హల్లుతో ముగిస్తే చివరి సిలబుల్ మీద. దీనికి భిన్నంగా పలికే మాటకు, పలికే చోట గీత పెడతారు. చివరినుంచి మూడో సిలబుల్ గానీ దానికన్నా ముందున్నది గానీ నొక్కితే గీత తప్పనిసరి.

న్, స్ లకు ఈ మినహాయింపు ఎందుకో గమనిస్తే నియమం ఇక మరిచిపోరు. "నువ్వు" రూపాలు ఎక్కువగా స్ తో, "వాళ్ళు" రూపాలు న్ తో, "మేము" రూపాలు మొస్ తో ముగుస్తాయి. నామవాచకాల బహువచనమూ స్ తోనే. ఆ రెండు హల్లులూ ఇలా ప్రత్యయాలుగా వచ్చి చేరేవే. వాటిని లెక్కలోంచి తీసేయడం వల్ల ఆ-బ్ల, ఆ-బ్లస్, ఆ-బ్లన్ మూడూ ఒకే చోట నొక్కుతో, ఏ గీతా లేకుండా నడుస్తాయి. క్రియ మూలరూపం ర్ తో ముగుస్తుంది కాబట్టి అ-బ్లార్, కొ-మేర్, బి-బీర్ అన్నిటికీ నొక్కు చివర, గీత లేకుండా.

వర్తమానంలో నొక్కు ఒకచోట ఉండదేం?

నేను, నువ్వు, అతను, వాళ్ళు అనే నాలుగు రూపాల్లో నొక్కు ధాతువు మీద పడుతుంది: ఆ-బ్లొ, ఆ-బ్లస్, ఆ-బ్ల, ఆ-బ్లన్. "మేము", స్పెయిన్‌లో వాడే "మీరంతా" రూపాల్లో అది ప్రత్యయం మీదికి జరుగుతుంది: అ-బ్లా-మొస్, అ-బ్లాయ్స్. ఈ చివరిదానికి గీత ఉంటుంది, ఎందుకంటే స్ తో ముగిసినా నొక్కు చివరి సిలబుల్ మీదే ఉంది.

ఈ జరుగుడు చెవికి పట్టకపోతే తర్వాతి ప్రశ్న మిమ్మల్ని చాలాకాలం వేధిస్తుంది.

పెన్-సార్ (ఆలోచించడం) కాస్తా ప్యేన్-సొ ఎందుకవుతుంది? పొ-దేర్ (చేయగలగడం) ప్వే-దొ ఎందుకవుతుంది?

వీటిని "సక్రమం కాని క్రియలు" అని విడిగా లిస్టు ఇచ్చి బట్టీ పట్టిస్తారు. నాకు అది నచ్చదు, ఎందుకంటే వీటి వెనక చక్కటి కారణం ఉంది. లాటిన్‌లో ఎ, ఒ లు హ్రస్వం, దీర్ఘం అని వేరువేరుగా ఉండేవి, అచ్చం మనలాగే. స్పానిష్‌గా మారే క్రమంలో నిడివి పోయింది. నొక్కు పడ్డ హ్రస్వ ఎ "యె"గా, నొక్కు పడ్డ హ్రస్వ ఒ "వె"గా చీలాయి. నొక్కు పడనివి ఉన్నట్టే ఉండిపోయాయి.

ఇప్పుడు వర్తమానం చూడండి. ధాతువు మీద నొక్కు ఉన్న నాలుగు రూపాల్లో చీలుతుంది: ప్యేన్-సొ, ప్యేన్-సస్, ప్యేన్-స, ప్యేన్-సన్. నొక్కు జరిగిపోయిన "మేము"లో చీలదు: పెన్-సా-మొస్. ప్వే-దొ పక్కన పొ-దే-మొస్ కూడా ఇంతే. నొక్కు ఎక్కడుందో తెలిస్తే అచ్చు ఏమవుతుందో తెలిసిపోతుంది. ఏ క్రియ ఇలా చీలుతుందో మాత్రం నేర్చుకోవాల్సిందే, ఎందుకంటే కొ-మేర్ లాంటివి చీలవు: కో-మొ.

"ఉండటం" అనే ఎస్-తార్ వర్తమానంలో నొక్కు చివరికెందుకు పోతుంది?

ఎస్-తోయ్, ఎస్-తాస్, ఎస్-తా, ఎస్-తాన్. మిగతా క్రియల్లా ధాతువు మీద ఉండాలి కదా అనే అనుమానం న్యాయమే. దీని లాటిన్ రూపాలు స్తో, స్తాస్, స్తత్, అన్నీ ఒక్క సిలబుల్‌వే. మాట మొదట్లో స పక్కన హల్లు పలకడం స్పానిష్ నోటికి కష్టమై ముందు ఒక ఎ చేర్చుకుంది. స్కూలును మనవాళ్ళు "ఇస్కూలు" అన్నట్టే! అలా తర్వాత వచ్చి చేరిన ఎ మీద నొక్కు ఎన్నడూ పడలేదు. దాన్ని కాస్త ముందుకు జరిపి "ఏస్-త" అంటే "ఈ" (స్త్రీలింగం) అనే వేరే మాట అయిపోతుంది.

భూతకాలంలో కొన్నిటికి గీత, కొన్నిటికి లేదు. ఎలా గుర్తుపట్టాలి?

పలికి చూస్తే చాలు. మామూలు క్రియల్లో "నేను", "అతను" రూపాల నొక్కు చివర పడుతుంది, కాబట్టి గీత: అ-బ్లే, అ-బ్లో, కొ-మీ, కొ-మ్యో. గీత మరిచిపోతే అ-బ్లే (మాట్లాడాను) కాస్తా ఆ-బ్లె (మాట్లాడండి) అవుతుంది. కొన్ని బాగా వాడే క్రియల్లో మాత్రం నొక్కు ధాతువు మీదే ఆగుతుంది: తూ-బొ (అతని దగ్గర ఉండేది), దీ-హొ (అన్నాడు), పూ-సొ (పెట్టాడు), ఈ-సొ (చేశాడు). వీటికి గీత లేదు. "అన్నాడు"ను ది-హో అనేయడం మనం ఎక్కువగా చేసే పొరపాటు, మిగతావాటి ఊపులో నోరు అటే పోతుంది.

ఇంకా దగ్గరగా చూడాల్సింది కొ-మ్యో (తిన్నాడు). మనవాళ్ళు దాన్ని కొ-మి-యో అని మూడు సిలబుల్స్ చేస్తారు. ఉన్నవి రెండే. "తింటుండేవాడు" అనే కొ-మీ-అ లో మాత్రం మూడున్నాయి. రాతలో రెండిటికీ ఇ తర్వాత ఇంకో అచ్చే ఉంది. మొదటిదాంట్లో గీత ఒ మీద ఉంది, అందుకే ఇ కరిగి యకారమైపోయింది. రెండోదాంట్లో గీత ఇ మీదే ఉంది, అందుకే అది తన సిలబుల్‌ను కాపాడుకుంది.

"-తుండేవాళ్ళం" అనే రూపంలో అ-బ్లా-బ-మొస్‌కి గీత దేనికి?

ఈ కాలంలో నొక్కు అన్ని రూపాల్లో ఒకే సిలబుల్ మీద నిలబడుతుంది: అ-బ్లా-బ, అ-బ్లా-బస్, అ-బ్లా-బ-మొస్, అ-బ్లా-బన్. "మేము"లో వెనకాల రెండు సిలబుల్స్ వచ్చాయి కాబట్టి గీత పడింది. లాటిన్‌లో "మేము" రూపానికి నొక్కు ఒక సిలబుల్ తర్వాత ఉండేది. మిగతా రూపాలతో ఒకే వరసలో ఉండాలని స్పానిష్ దాన్ని ముందుకు లాక్కుంది.

భవిష్యత్తులో నొక్కు ఎప్పుడూ చివరే ఎందుకు?

అది ఒకప్పుడు రెండు మాటలు కాబట్టి. మూలరూపం అ-బ్లార్, దాని పక్కన "కలిగి ఉండటం" అనే సహాయక క్రియ ఏ, ఆస్, ఆ, ఏ-మొస్, ఆన్. రెండూ అతుక్కుని అ-బ్ల-రే, అ-బ్ల-రాస్, అ-బ్ల-రా, అ-బ్ల-రే-మొస్, అ-బ్ల-రాన్ అయ్యాయి. నొక్కు ఇప్పటికీ ఆ సహాయక క్రియ మీదే ఉంది. "మేము"లో అది తనంతట తానే చివరినుంచి రెండోది అవుతుంది కాబట్టి ఆ ఒక్కదానికీ గీత లేదు. మధ్యయుగపు స్పానిష్‌లో ఈ రెండు ముక్కల మధ్య సర్వనామం దూరిన వాక్యాలు కనిపిస్తాయి. పోర్చుగీసు పుస్తక భాషలో అది ఇప్పటికీ ఉంది.

అ-బ్ల-రా (మాట్లాడతాడు) ని అ-బ్లా-ర తో కలపకండి. రెండోది "మాట్లాడితే" లాంటి ఊహకు వాడే రూపం. జరగబోయేదానికీ ఊహించుకునేదానికీ మధ్య తేడా ఒక్క సిలబుల్ జరుగుడే.

"చదివిన"కు గీత ఉంది, "కట్టిన"కు లేదు. రెండిట్లోనూ నొక్కు ఈ మీదేగా?

నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. అ, ఎ, ఒ లను బలమైన అచ్చులుగా, ఇ, ఉ లను బలహీనమైనవిగా చూస్తారు. రెండు బలమైనవి పక్కపక్కన వస్తే విడివిడి సిలబుల్స్: లె-ఏర్ (చదవడం), క్రే-ఒ (నమ్ముతాను). బలమైనదాని పక్కన బలహీనమైనది వస్తే కలిసిపోయి ఒకే సిలబుల్. కానీ ఆ బలహీనమైనదాని మీదే నొక్కు పడితే రెండూ విడిపోతాయి, అలా విడిపోయాయని చెప్పడానికి గీత పెడతారు. లె-ఈ-దొ (చదివిన), క-ఈ-దొ (పడిన) అలాంటివే.

రెండూ బలహీనమైనవైతే, అంటే ఇ, ఉ కలిస్తే, రాత నియమం వాటిని ఎప్పుడూ ఒకే సిలబుల్‌గా లెక్కపెడుతుంది. అందుకే కొన్స్-త్ర్వీ-దొ (కట్టిన) మామూలు మాట, నొక్కు చివరినుంచి రెండోదే, గీత అక్కర్లేదు. కొందరి నోట్లో అక్కడ రెండు సిలబుల్స్ వినపడతాయి, అయినా రాతకు సంబంధం లేదు.

మధ్యలో పలకని హకారం ఉన్నా ఇదే లెక్క: ప్రొ-ఈ-బొ (నిషేధిస్తాను) రాసేటప్పుడు ఒ కీ ఇ కీ మధ్య హ ఉంటుంది, అయినా గీత పెట్టాలి. రె-ఊ-నొ (సమావేశపరుస్తాను) కూడా అంతే.

కామ్-బ్యొ, కానీ ఎన్-బీ-ఒ. ఏది ఎలాగో ఎలా తెలుస్తుంది?

"మార్చడం", "పంపడం" రెండు క్రియలూ మూలరూపంలో ఒకేలా ముగుస్తాయి, వర్తమానంలో దారులు వేరవుతాయి. వీటిని వాడుకలో పట్టుకోవాల్సిందే, అడ్డదారి లేదు. ఉకారం ఉన్న జాతికి మాత్రం ఒక గుర్తు ఉంది: ముందు క గానీ గ గానీ ఉంటే సాధారణంగా కలిసిపోతుంది, అ-బె-రీ-గ్వొ (ఆరా తీస్తాను). లేకపోతే విడిపోతుంది, అక్-తూ-ఒ (నటిస్తాను).

ఈ జాతిలో నాకు బాగా ఇష్టమైన జట్టు ఒకటుంది. కొన్-తీ-న్వొ అంటే ఎడతెగని, కొన్-తి-నూ-ఒ అంటే కొనసాగిస్తాను, కొన్-తి-న్వో అంటే కొనసాగించాడు. మూడిట్లోనూ అక్షరాలు అవే. మొదటిదానికి గీత లేదు, రెండోదానికి ఉ మీద, మూడోదానికి ఒ మీద.

సర్వనామం తగిలించగానే గీత ఎక్కడినుంచో వస్తుంది. నొక్కు జరిగిందా?

జరగలేదు. అందుకే వచ్చింది. కోమ్-ప్ర (కొను), కోమ్-ప్ర-లొ (దాన్ని కొను), కోమ్-ప్ర-మె-లొ (నాకు దాన్ని కొనిపెట్టు). నొక్కు కోమ్ మీదే ఉండిపోయింది, వెనకాల తోక పెరిగింది. చివరినుంచి మూడు, నాలుగు లెక్కకు వచ్చాక గీత పడుతుంది. దె-సీర్-లొ (దాన్ని చెప్పడం) కి గీత లేదు, దె-సీర్-సె-లొ (అతనికి దాన్ని చెప్పడం) కి ఉంది. ఒక్కో సర్వనామం చేరుస్తూ గట్టిగా చదివితే రెండు రోజుల్లో అలవాటవుతుంది. "ఇవ్వండి" అనే ఒంటి సిలబుల్ దే కి గీత ఉన్నా, అది వేరే చిన్న మాటతో కలవకుండా పెట్టింది మాత్రమే. అందుకే దే-మె (నాకివ్వండి) లో ఆ గీత ఉండదు.

అర్జెంటీనావాళ్ళు పొ-దేస్ అంటారు. తప్పా?

తప్పు కాదు, అక్కడి ప్రామాణిక భాష అదే. వాళ్ళ "నువ్వు" రూపంలో నొక్కు చివర పడుతుంది: అ-బ్లాస్, కొ-మేస్, పొ-దేస్. ధాతువు మీద నొక్కు లేదు కాబట్టి అచ్చు చీలదు, ప్వే-దెస్ కాదు. పైన చెప్పిన సూత్రానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. "కూర్చో" అనడానికి వేరేచోట్ల స్యేన్-త-తె, గీతతో. అక్కడ సెన్-తా-తె, గీత లేకుండా.

పాత పుస్తకాల్లో ఫ్వే (వెళ్ళాడు), బ్యో (చూశాడు) లకు గీత కనిపిస్తోంది. ఏది సరైనది?

ఇప్పుడు గీత పెట్టకూడదు. ఒంటి సిలబుల్ మాటకు నొక్కు ఎక్కడని చెప్పాల్సిన పనే లేదు. స్పానిష్ రాయల్ అకాడమీ 1952లో తెచ్చిన కొత్త నియమాలు 1959 నుంచి తప్పనిసరి అయ్యాయి, అప్పుడు వీటి గీతలు పోయాయి. 2010 నాటి వర్ణక్రమ గ్రంథం ఇంకో అడుగు వేసి, "పెంచాడు" అనే క్ర్యో, "నవ్వాడు" అనే ర్యో లాంటివాటికీ తీసేయమంది. "నవ్వుతాను" అనే రీ-ఒ కి మాత్రం గీత ఉంటుంది, అది రెండు సిలబుల్స్.

పెద్దక్షరాల్లో రాసేటప్పుడు గీత అక్కర్లేదంటారు, నిజమేనా?

కాదు. అకాడమీ నియమం ప్రకారం పెద్దక్షరాలకూ గీత పెట్టాలి. ఫోన్‌లో అచ్చు మీట నొక్కి పట్టుకుంటే గీత ఉన్న రూపం పైకి వస్తుంది. చెప్పేది "అయిపోయింది" అయితే చివరి ఒ మీద ఆ అర సెకను ఆగండి.